వంశధార ఒడ్డున సైకిల్: ముందు వంతెనలు, తర్వాతే రోడ్లు

ఏటి లోయలో సైకిల్ దారి గీసుకునేవాళ్లు సాధారణంగా రోడ్లతో మొదలుపెడతారు. ఒడిశాలోంచి ఉత్తరాంధ్రలోకి దిగే వంశధార దగ్గర వంతెనలతో మొదలుపెట్టాలి. గుణుపూర్ నుంచి దిగువకి చూస్తే ఎడమ ఒడ్డున ఒడిశాలో కాశీనగర్, దాని తర్వాత పక్కకి తిరిగితే పర్లాకిమిడి. కుడి ఒడ్డున ఆంధ్రలో బత్తిలి, భామిని, కొత్తూరు. రెండు ఒడ్ల మీదా ఊళ్లే, రెండు ఒడ్ల మీదా తెలుగు వినిపిస్తుంది. అయితే బండి దాటే వంతెనలు మాత్రం దూరం దూరంగా ఉంటాయి. ఈ ఒడ్డున లారీలు ఎక్కువయ్యాయని అవతలికి పోదామనుకుంటే, ఆ వంతెన కోసం అదే లారీల మధ్య గంటసేపు తొక్కాల్సి రావచ్చు.

అందుకని కాగితం మీద ముందు ఏటిని గీసి, దాని మీద వంతెనలు మాత్రమే గుర్తుపెట్టండి. ఒక వంతెనకీ ఇంకో వంతెనకీ మధ్య ఉన్నది ఒక ముక్క. ప్రతి ముక్కకీ రెండు ఒడ్లున్నాయి కాబట్టి రెండు దారులుంటాయి. వాటిలో బళ్లు తక్కువ తిరిగేది ఏదో ముక్క ముక్కకీ విడిగా తేల్చుకోవాలి. పొద్దున్నే బయల్దేరి సాయంత్రానికి ఇల్లు చేరాలంటే ఒక ముక్క చాలు: ఒక ఒడ్డున దిగి, రెండో ఒడ్డున ఎక్కి రావడమే.

ఈ పద్ధతి ఫ్రాన్స్‌లో లోయల వెంట సైకిల్ తొక్కేవాళ్లకి బాగా అలవాటు. నైరుతి ఫ్రాన్స్‌లో లోట్ అనే నది ఉంది, దానికి సెలే అనే చిన్న ఉపనది. ఫిజాక్ అనే ఊరి వైపు నుంచి సెలే వెంట సున్నపురాతి కొండల కింద డీ41 అనే సన్నని రోడ్డు దిగుతుంది. ఆదిమానవుల బొమ్మలున్న పెష్ మెర్ల్ గుహ ఆ దారికి దగ్గరే. అక్కడ రోడ్డు అంకె రాసిన పలక రంగు చూస్తే బళ్ల సంగతి తెలిసిపోతుంది. ఎర్ర పలక జాతీయ రహదారి, పసుపు పలక జిల్లా రోడ్డు, తెల్ల పలక ఊరి రోడ్డు. పసుపు, తెలుపు పట్టుకుని పోతే చాలు. ఒక ఊరి రోడ్డు ఎక్కితే అది ఇంకో ఊరి రోడ్డులో కలుస్తుంది, వలలాగా.

మన దగ్గరా రంగులున్నాయి, చాలామంది గమనించరు. కిలోమీటరు రాయి తల పసుపు రంగులో ఉంటే జాతీయ రహదారి, ఆకుపచ్చ అయితే రాష్ట్ర రహదారి, నారింజ అయితే ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన కింద వేసిన పల్లె రోడ్డు. సైకిల్‌కి కావాల్సింది ఆ నారింజ రాయి. ఆ పథకం 2000 డిసెంబరులో మొదలైంది. రోడ్డు వెడల్పు మామూలుగా 3.75 మీటర్లు, బళ్లు మరీ తక్కువ తిరిగే చోట 3 మీటర్లు. రెండు లారీలు ఎదురుపడితే ఒకటి మట్టిలోకి దిగాల్సిందే. దూరం పోయే లారీలు ఇటు రాకపోవడానికి ఆ సన్నదనమే కారణం.

ఇక్కడే ఒక పేచీ ఉంది. కొత్తవాళ్లు ఎక్కువగా ఇరుక్కునేది ఇందులోనే. ఈ పథకం లక్ష్యం ఊళ్లని ఒకదానితో ఒకటి కలపడం కాదు, రోడ్డు లేని ప్రతి ఊరికీ ఒక రోడ్డు ఇవ్వడం. గిరిజన ప్రాంతాల్లో 250 మంది ఉన్న పల్లెకి కూడా రోడ్డు వేయొచ్చు. అలా ఒకటి వచ్చాక, అవతలి ఊరికి రెండోది రావాలన్న నియమమేమీ లేదు. కాబట్టి మన పల్లె రోడ్లు చాలావరకు చెట్టు కొమ్మల్లా ఉంటాయి: పెద్ద రోడ్డు నుంచి చీలి, ఊళ్లోకి వెళ్లి, రామమందిరం దగ్గరో బడి దగ్గరో ఆగిపోతాయి. ఆ తర్వాత ఎడ్లబండి దారి, పొలం గట్టు, లేదా గెడ్డ, అంటే వాగు. ఫోన్ మ్యాపులో మాత్రం రెండు కొమ్మల చివర్లూ కలిసినట్టే కనిపించి ఊరిస్తాయి.

దీనికి మూడు పరీక్షలు పెట్టుకోవాలి. రోడ్డు మొదట్లో ఉండే పథకం బోర్డు చదవండి, ఎక్కణ్నుంచి ఎక్కడికో, ఎన్ని కిలోమీటర్లో దాని మీద రాసి ఉంటుంది. రెండో పేరు ఇంకో పెద్ద రోడ్డుదైతే ధైర్యంగా పోవచ్చు, చిన్న పల్లెదైతే అనుమానించాలి. ఒడిశా వైపు బోర్డులు ఒడియాలో ఉంటాయి కాబట్టి, అక్షరాలన్నీ రాకపోయినా పది అంకెలు నేర్చుకుంటే దూరాలైనా తెలుస్తాయి. రెండోది, ఇంట్లో ఉండగానే ఉపగ్రహ చిత్రంలో ఆ చివరి కిలోమీటరు చూడండి. నల్లగా ఒకే వెడల్పుతో ఉన్న గీత తారు లేదా సిమెంటు, ఎర్రగా ఉండి మధ్యలో పచ్చ చార ఉన్నది బండి దారి, గెడ్డ దగ్గర గీత తెగి అవతల మళ్లీ మొదలైతే అక్కడ వంతెన లేదు.

మూడోది, మనుషుల్ని అడగడం. ‘అన్నా, ఈ రోడ్డు కాశీనగర్ పోతుందా’ అని అడిగితే అవునంటారు. నడిచి పోయేవాళ్లకి అది నిజమే. ‘ఈ రోడ్డున అవతల ఏ ఊరొస్తాది, ఆటో పోతాదా, గెడ్డ మీద వంతెన ఉందా’ అని మూడూ విడివిడిగా అడగాలి. ఆటో పోతుందంటే సైకిల్ తప్పకుండా పోతుంది. సవర గిరిజనుల పల్లెల్లో తెలుగు అందకపోతే ఒడియాలో ‘మౌసా, బాట అఛి కి’ అంటే దారి ఉందా లేదా అన్నదైనా తేలుతుంది.

పల్లె రోడ్డయినంత మాత్రాన ఎప్పుడూ ఖాళీగా ఉంటుందనుకోకూడదు. ఇసుక రేవుకి పోయే రోడ్డు అయితే ట్రాక్టర్లు రోజంతా తిరుగుతాయి. మలుపుల్లో ఇసుక జారి పడి ఉండటం, తడి ఇసుకలోంచి కారిన నీటి చార రోడ్డు పొడుగునా కనిపించడం దానికి గుర్తులు. ఆ మలుపుల్లో ముందు బ్రేకు ముట్టకుండా, మలుపు రాకముందే వేగం తగ్గించాలి. సంత రోజు ఆ చుట్టుపక్కల రోడ్లన్నీ ఆటోలతో, పికప్ బళ్లతో నిండుతాయి. ఏ ఊరి సంత ఏ వారమో ముందురోజు టీ కొట్లో కనుక్కుంటే చాలు.

డిసెంబరు, జనవరి నెలల్లో నూర్పులు. రోడ్డే కళ్లమవుతుంది. పరిచిన వరి మీంచి సైకిల్ పోనివ్వకండి. అది రైతు ధాన్యం, పైగా చక్రం జారుతుంది. గడ్డి పోచలు ఫ్రీవీల్‌కీ హబ్బుకీ మధ్య చుట్టుకుని బిగుసుకుంటాయి, గేర్ల సైకిలైతే చైనుని ఒక గేరు నుంచి ఇంకో గేరుకి జరిపే డీరైలర్‌లో దూరి దాన్ని చువ్వల్లోకి లాగేస్తాయి. దిగి, పక్కనుంచి నడిపించుకుని పోవడమే మంచిది.

సైకిల్ విషయానికొస్తే, ఈ లోయకి మామూలు 28 అంగుళాల నల్ల సైకిలే సరిపోతుందని గట్టిగా చెబుతాను. దాని ట్యూబూ టైరూ ఏ పల్లె కొట్లోనైనా దొరుకుతాయి, గేర్ల సైకిళ్లకి వేసే 700సీ కొలత ట్యూబు దొరకదు. సన్న వాల్వు ఉన్న గేర్ల సైకిల్‌పై వచ్చేవాళ్లు మామూలు పంపు పట్టేలా ఇత్తడి అడాప్టర్ ఒకటి, ట్యూబులు రెండు వెంట తెచ్చుకోవాలి. నల్ల సైకిల్‌కి ముందు 44 పళ్లు, వెనక 18 ఉంటే పెడలు ఒక చుట్టుకి బండి సుమారు 5.4 మీటర్లు పోతుంది. సామానుతో గెడ్డ దిగి ఎక్కేటప్పుడు అది మోకాళ్లకి బరువు. వెనక 22 పళ్ల ఫ్రీవీల్ వేయిస్తే 4.4 మీటర్లకి దిగుతుంది. చైను చాలకపోతే ఒక లింకు కలిపించాలి, లేదా చక్రాన్ని కొంచెం ముందుకి జరపాలి.

బయల్దేరే ముందు చూడాల్సిన వాటిలో మొదటిది కాటర్ పిన్ను, అంటే పెడలు ఉండే కడ్డీని (క్రాంకుని) ఇరుసుకి పట్టి ఉంచే మేకు. పెడలు తిరిగిన ప్రతిసారీ ఒకే చోట ‘టక్’ మంటే అది వదులైనట్టే. అలాగే తొక్కితే పిన్ను చదును అరిగి, క్రాంకు కన్నం కూడా పాడవుతుంది. నట్టు బిగిస్తే సరిపోదు. క్రాంకు కింద ఇనుప దిమ్మ ఆనించి, పిన్నుని సుత్తితో కొట్టి కూర్చోబెట్టి, ఆ తర్వాత నట్టు బిగించాలి. కొత్త పిన్నయితే 25 కి.మీ. తొక్కాక మళ్లీ ఒకసారి కొట్టి బిగించాలి. రెండోది క్యారియర్ నట్లు. సామాను అదురుకి మొదట ఊడేవి ఇవే, కాబట్టి నైలాన్ లాక్ నట్లు వేయించండి. సామాను 8 కిలోలు దాటనివ్వకుండా, బరువైనవి కిందికి పెట్టి, పాత ట్యూబు చీల్చిన పట్టీలతో కట్టండి. తాడులా అది వదులవదు. 38 మి.మీ. టైరు మీద 70 కిలోల మనిషికి వెనక 50, ముందు 40 పీఎస్‌ఐ గాలి చాలు. రోడ్డు అంచు దిగకండి, పల్లేరు కాయలూ తుమ్మ ముళ్లూ ఉండేది అక్కడే.

ఎండాకాలం ముందు ఏరు సన్నబడ్డాక జనం ఇసుకలోంచి దాటడం కనిపిస్తుంది. సైకిల్‌తో దాటొచ్చు గానీ తొక్కడం కుదరదు. పొడి ఇసుకలో చక్రం దిగబడుతుంది, నీటి అంచున తడి ఇసుక గట్టిగా ఉంటుంది, అక్కడ తోసుకుంటూ పోవాలి. దాటాక చైనుని మంచినీళ్లతో కడిగి, ఆరబెట్టి, నూనె వేయాలి. ఇసుక మీద నూనె వేస్తే అది చైనుని ఆకురాయిలా అరగదీస్తుంది.

నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం. అక్టోబరుని నమ్మొద్దు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను తీరం దాటినప్పుడు వంశధార పొంగి ఈ లోయలోకి వరద వచ్చింది. కాజ్‌వే మీద నీళ్లు పారుతుంటే ఎంత లోతనే లెక్క వద్దు, ఆగిపోవాలి. నీళ్లు తగ్గాక కూడా ఆ సిమెంటు మీద నాచు ఉంటుంది, దిగి నడవండి. చలికాలం పొద్దున్నే పొగమంచు ఉంటుంది కాబట్టి వెనక ఎర్ర లైటు వెలగాలి. సాయంత్రం అయిదున్నరకల్లా చీకటి పడుతుంది. ఒడిశా కొండల నుంచి ఏనుగులు భామిని, కురుపాం వైపు దిగిన సందర్భాలున్నాయి. అవి ఎక్కడున్నాయో ఆ రోజు ఊళ్లోనే అడిగి, నాలుగున్నరకల్లా బస చేరుకోండి. రోజుకి 50 కి.మీ.కి మించి పెట్టుకోవద్దు.

తిండికి ఇబ్బంది లేదు. పొద్దున బరా (ఒడియా వాళ్ల గారె), గుగ్ని (బఠాణీ కూర), మధ్యాహ్నం ఏదో ఒక పెద్ద ఊళ్లో భోజనం, సంచిలో అటుకులు, బెల్లం. చోడి అంబలి దొరికితే వదలకండి. చెమట ఎక్కువ పోతే లీటరు నీళ్లలో ఆరు టీ చెంచాల పంచదార, అర టీ చెంచా ఉప్పు, రెండూ తలకొట్టి కొలిచినవి, కలుపుకు తాగాలి.

తిరుగు ప్రయాణానికి రైలుంది. శ్రీకాకుళం జిల్లాలోని నౌపడ నుంచి 1900లో పర్లాకిమిడి దాకా, 1931 నాటికి గుణుపూర్ దాకా వేసిన చిన్న రైలు దారి ఇది. 2004లో ఆపి, బ్రాడ్‌గేజ్ వేసి, 2011లో మళ్లీ గుణుపూర్ చేర్చారు. సైకిల్‌ని లగేజీగా బుక్ చేసి, సామాన్లు వేసే బ్రేక్ వ్యాన్ పెట్టెలో ఎక్కించాలి. మధ్య స్టేషన్లలో రైలు నిమిషమో రెండు నిమిషాలో ఆగుతుంది, అంతలో కుదరదు. గుణుపూర్ చివరి స్టేషన్ కాబట్టి రైలు నిలబడి ఉంటుంది. అందుకే పర్లాకిమిడి వైపు నుంచి ఎగువకి తొక్కి గుణుపూర్‌లో ముగించేలా దారి గీసుకోండి. లగేజీ బుకింగ్ ఏ వేళకి తెరుస్తారో ముందురోజే స్టేషన్‌లో అడిగి, పెడళ్లు విప్పి హ్యాండిల్‌కి కట్టి, సైకిల్ మీద పేరూ దిగే స్టేషనూ రాసిన అట్టముక్క వేలాడదీయండి.