దాచుకున్నది అక్కరకు రావాలి కదా

బిట్‌కాయిన్ అనే డిజిటల్ నాణెం డబ్బేనా కాదా అని మా బరంపురం కుర్రాళ్లు గంటల తరబడి వాదించుకుంటారు. డబ్బుతో మనకు రెండు పనులుంటాయి, ఖర్చు పెట్టుకోవడం, దాచుకోవడం. ఈ రెండూ కలిపేస్తే వాదన తెగదు.

ఖర్చు సంగతి త్వరగానే తేలిపోతుంది. పట్టుచీర నుంచి పది రూపాయల టీ దాకా ఇక్కడ అంతా యూపీఐ, కౌంటర్ మీద పెట్టె ‘డబ్బు పడింది’ అని ఒడియాలోనో హిందీలోనో చెప్తే చాలు, షాపతను తలెత్తి కూడా చూడడు. అదే టీ బిట్‌కాయిన్ ఇచ్చి తాగితే మన చట్టం దృష్టిలో ఆస్తి అమ్మినట్టే, కొన్న ధర మీద పెరిగి ఉంటే ఆ లాభంలో 30 శాతం పన్ను కట్టాలి. 2022 ఏప్రిల్ నుంచి ఇదే రూలు. టీ నీళ్లకు ఈ లెక్కలు ఎవరు రాస్తారు? మధ్య అమెరికా దేశం ఎల్ సాల్వడార్ 2021లో బిట్‌కాయిన్‌ను చెల్లుబాటు డబ్బుగా ప్రకటించి, 2025 జనవరిలో షాపులు తప్పనిసరిగా తీసుకోవాలన్న నిబంధనే ఎత్తేసింది.

దాచుకోవడం దగ్గరే నా బాధంతా. 2 కోట్ల 10 లక్షల నాణేలకు మించి పుట్టవు కాబట్టి విలువ నిలుస్తుందంటారు. కొరత నిజమే. కానీ 2021 నవంబర్‌లో 69 వేల డాలర్ల దాకా పోయినది ఏడాది తిరిగేసరికి 16 వేలకు పడింది. మళ్లీ లేచి 2024 డిసెంబర్‌లో లక్ష దాటింది, ఆగగలిగినవాళ్లు బాగుపడ్డారు, కాదనను. మా పిన్ని కొడుకు సూరత్ మిల్లులో సంపాదించింది అందులో పెట్టాడు, సరిగ్గా పడిపోయిన రోజుల్లోనే చెల్లికి సంబంధం కుదిరింది, సగం కూడా రాని ధరకి అమ్ముకున్నాడు. ముహూర్తం మార్కెట్ చూసుకుని రాదు.

చాలని డబ్బు పిన్ని బంగారు గాజులు తాకట్టు పెడితే పుట్టింది. గీటురాయి మీద గీసి, యాసిడ్ చుక్క వేసి, తూకం చూసి, గంటలోపే చేతిలో పెట్టారు. బంగారమూ పడుతుంది, 2013లో బాగానే పడింది, కానీ ఏడాదిలో మూడొంతులు పోలేదు. పైగా గాజులు అమ్మక్కర్లేదు, అప్పు తీర్చాక మళ్లీ పిన్ని చేతికే వచ్చాయి.

ఇక రిజర్వ్ బ్యాంకు ఈ-రూపాయి, 2022 డిసెంబర్ 1న మొదలైన నాలుగు ఊళ్లలో మన భువనేశ్వర్ ఒకటి. అది ఫోన్‌లో ఉండే నోటు, అంతే. ఖర్చుకి బాగుంటుంది, వడ్డీ రాదు, ధరలు పెరిగితే నోటులాగే అదీ కరుగుతుంది.

మా ఊరి బ్యాంకు కౌంటర్లో బిట్‌కాయిన్ తాకట్టు పెట్టుకుని పెళ్లి ఖర్చుకి అప్పిచ్చే రోజు వస్తే నేనూ కొంత కొంటాను. అప్పటిదాకా చెల్లెళ్ల పెళ్లి డబ్బు అందులో పెట్టొద్దని ఈ కుర్రాళ్లను బతిమాలుతూనే ఉంటాను.