చెయ్యి కుదురుకుంది, మాట ముద్దయింది: డీబీఎస్ ప్రోగ్రామింగ్‌లో నా అనుభవం

పార్కిన్సన్స్ జబ్బుకి డీబీఎస్ (మెదడులో సన్నటి తీగలు పెట్టి కరెంట్ ఇచ్చే చికిత్స) చేయించుకోవాలనుకునేవాళ్లు నన్ను ఎక్కువగా ఆపరేషన్ గురించే అడుగుతారు. నాకైతే అసలు పని ఆ తర్వాతే మొదలైంది. ఛాతీ దగ్గర చర్మం కింద ఉన్న బ్యాటరీ నుంచి మెదడులోని తీగలకి ఎంత కరెంట్ వెళ్లాలో తేల్చడమే ప్రోగ్రామింగ్.

దానికి రమ్మన్న రోజు, ముందు రాత్రి నుంచే నేను వేసుకునే పార్కిన్సన్స్ మాత్ర సిండోపా ఆపమన్నారు. మందు పనిచేస్తూ ఉంటే కరెంట్ ప్రభావం విడిగా తెలియదు. తీగ చివర కరెంట్ వదిలే కాంటాక్టుల్ని ఒక్కొక్కటే ఆన్ చేసి, కరెంట్ కొద్దికొద్దిగా పెంచుతూ డాక్టరుగారు నా మణికట్టు తిప్పి చూశారు. "వేళ్లు జివ్వుమంటున్నాయా? మూతి లాగుతోందా?" అని ప్రతిసారీ అడిగారు. జివ్వుమనడం కాసేపటికి సర్దుకుంటే ఇబ్బంది లేదు. అలాగే ఉండిపోతే కరెంట్ పక్కనున్న నరాల దారుల్లోకి పోతున్నట్టు. చివరికి 130 హెర్ట్జ్ దగ్గర, అంటే సెకనుకి 130 సార్లు కరెంట్ తట్టేలా పెట్టారు. వణుకు ఆ గదిలోనే ఆగింది. చొక్కా గుండీలు నేనే పెట్టుకున్నాను, ఏడుపొచ్చేసింది.

కొన్నాళ్లకి మాట ముద్దగా రావడం మొదలైంది. నాకు తెలియనే లేదు. "ఏవండీ, ఫోన్లో అమ్మాయి ప్రతి మాటా రెండోసారి అడుగుతోంది, గమనించారా?" అంది మా ఆవిడ. అప్పటినుంచి ఇద్దరం ఒకే నోట్‌బుక్‌లో రాయడం మొదలుపెట్టాం. మందు వేసుకున్న టైము, వణుకు, నడక నేను రాస్తే, మాట, చిరాకు సంగతి తను రాసేది. "బాగోలేదు" అని రాస్తే డాక్టరుకి ఏమీ తెలియదు. "మాత్ర వేసిన గంటకి మెడ, భుజం వాటంతటవే కదులుతున్నాయి", "మాట పొద్దుటినుంచి రాత్రిదాకా ముద్దగానే ఉంది" అని రాశాం. అది చూసి ఆయన, కదలికలు మాత్రతో పాటే వస్తున్నాయని మందు డోసు తగ్గించారు. మాట మాత్రతో సంబంధం లేకుండా పాడవుతోంది కాబట్టి కరెంట్ తగ్గించి చూశారు. తగ్గించినప్పుడల్లా నేను పేపర్ హెడ్డింగులు పైకి చదవాలి, స్పష్టంగా ఉందో లేదో మా ఆవిడ చెప్పాలి.

మాట తేటపడింది, కుడిచేతికి మాత్రం కాస్త వణుకు తిరిగొచ్చింది. రెండింట్లో ఏది కావాలని అడిగారు. మాటే కావాలన్నాను. చెక్కు మీద సంతకం పెట్టాల్సినప్పుడు, ఆయన పెట్టిన హద్దుల్లో రిమోట్‌తో నేనే కాస్త పెంచుకుంటాను.

మెదడు సంకేతాల్ని బట్టి తనంతట తానే కరెంట్ మార్చుకునే పద్ధతికి 2025లో అమెరికాలో అనుమతి వచ్చింది. నా పరికరంలో అది లేదు. ఇప్పుడు మిగిలింది నడక. గుమ్మం దగ్గర, మలుపు తిరిగేటప్పుడు కాళ్లు నేలకి అతుక్కుపోతున్నాయి. ఫ్రీక్వెన్సీ (ఆ 130 హెర్ట్జ్) తగ్గించి చూద్దామన్నారు. నడకలో మార్పు తెలియడానికి రోజులు పట్టొచ్చు కాబట్టి, మా ఆవిడ రోజూ ఒకే వేళకి నన్ను హాల్లో నడిపించి వీడియో తీస్తోంది.