నలభై ఒక్క నిమిషాల రాత్రి: పాటల వరుస పట్టుకుని షెఫీల్డ్‌లో

లండన్ సెయింట్ పాంక్రస్ నుంచి షెఫీల్డ్‌కి రైల్లో రెండు గంటల పైచిలుకు. ఆ ఊరి రాక్ బృందం ఆర్కిటిక్ మంకీస్ మొదటి ఆల్బమ్ నిడివి 40 నిమిషాల 56 సెకన్లు. ఊరు చేరేలోపు మూడుసార్లు పూర్తిగా వినొచ్చు. మేం నలుగురం మూడు వరుసల్లో విన్నాం. మొదటిసారి ఆల్బమ్‌లో ఉన్నట్టే. రెండోసారి రెండో పాట 'డాన్స్‌ఫ్లోర్'ని మొదటికి తెచ్చి. మూడోసారి పదో పాట తీసేసి. వాదన లెస్టర్ దాటకముందే మొదలైంది.

ఆల్బమ్ పేరు 'వాటెవర్ పీపుల్ సే ఐ యామ్, దట్స్ వాట్ ఐయామ్ నాట్'. 2006 జనవరి 23న డొమినో సంస్థ విడుదల చేసింది. 13 పాటలు. మొదటి వారంలోనే బ్రిటన్‌లో 3,63,735 కాపీలు అమ్ముడైంది, ఆ ఏడాదే ఉత్తమ ఆల్బమ్‌కిచ్చే మెర్క్యురీ బహుమతీ వచ్చింది. పాటలు రాసిన అలెక్స్ టర్నర్‌కి అప్పటికి ఇరవై ఏళ్లు. మన సినిమా క్యాసెట్‌లో పాటల వరుస ఒకటి, తెరమీద అవి వచ్చే వరుస ఇంకొకటి. అలా పెరిగిన చెవికి వరుస మీద ఇంత పట్టింపు మొదట వింతగానే ఉంటుంది. కానీ ఈ ఆల్బమ్ ఒక రాత్రి కథ. సాయంత్రం మీద ఆశలతో మొదలై, క్లబ్బులో తిరిగి, పోలీసు వ్యాను, టాక్సీ, ఇంట్లో అలక దాటి, తెల్లారాక రాత్రి జరిగింది తలచుకోవడంతో ముగుస్తుంది. పాట జరిపితే గడియారమే జరుగుతుంది.

షెఫీల్డ్ స్టేషన్‌లో దిగితే ట్రామ్ స్టాప్ వెనక వైపు ఉంటుంది. ప్లాట్‌ఫారాల మీదుగా ఉన్న వంతెన దాటి వెళ్లాలి. ముందు వైపు నుంచి బయటికొస్తే నీళ్లు జారే పెద్ద స్టీలు గోడ బాగుంటుంది గానీ ట్రామ్ దొరకదు. మాలిన్ బ్రిడ్జ్ వైపు వెళ్లే నీలం లైను ఎక్కి, రోజు టికెట్ తీసుకుంటే సరిపోతుంది. ఈ యాత్రకి కావలసిన కాజిల్ స్క్వేర్, సిటీ హాల్, షేల్స్‌మూర్ స్టాపులు మూడూ ఆ లైను మీదే ఉన్నాయి.

ఫోన్‌లో చూసుకోవాల్సినవి రెండు. మొదటిది షఫుల్. కొన్ని యాప్‌ల ఉచిత ఖాతాల్లో ఆల్బమ్ నొక్కినా పాటలు కలగాపులగంగా వస్తాయి, మొదటి రెండు పాటలు వరుసలో వస్తున్నాయో లేదో చూసుకోండి. రెండోది క్రాస్‌ఫేడ్. అది ఆన్‌లో ఉంటే ఒక పాట తోక మీద ఇంకో పాట తల ఎక్కుతుంది. మొదటి పాటలో మాట్ హెల్డర్స్ డ్రమ్స్ ఒక్కసారిగా విరుచుకుపడటమే దాని ప్రాణం. మెల్లగా లేస్తే ఆ దెబ్బ ఉండదు.

కాజిల్ స్క్వేర్‌లో దిగి స్నిగ్ హిల్ వైపు నడిస్తే ఒకప్పటి కచేరీల హాలు బోర్డ్‌వాక్ వస్తుంది. 2010లో మూతపడింది. అంతకుముందు ఇదే చోట బ్లాక్ స్వాన్ పబ్ ఉండేది, 1976 జులై 4న పంక్ బృందం క్లాష్ మొదటి కచేరీ అక్కడే చేసింది. టర్నర్ బోర్డ్‌వాక్ బార్‌లో పనిచేశాడు. ఆల్బమ్‌కి ముందు నమూనాగా రికార్డు చేసి కచేరీల్లో ఉచితంగా పంచిన డెమో సీడీలని అభిమానులు ఇంటర్నెట్‌లో ఎక్కించి 'బినీత్ ద బోర్డ్‌వాక్' అని పేరు పెట్టింది ఈ చోటు వల్లే. ఇక్కడ మా వాదన డెమోల మీదికి మళ్లింది.

"అన్నా, 'బిగర్ బాయ్స్ అండ్ స్టోలెన్ స్వీట్‌హార్ట్స్' ఆల్బమ్‌లో ఉండాల్సిందే."

"ఎక్కడ పెడతావురా? చోటు చెప్పు ముందు."

అసలు ప్రశ్న అదే. ఆ పాట మంచిదే, 'డాన్స్‌ఫ్లోర్' విడిగా సింగిల్‌గా వచ్చినప్పుడు దానికి జోడు పాటగా, అంటే బీ-సైడ్‌గా వచ్చింది. కానీ అది స్కూలు రోజుల కథ, ఈ రాత్రిలో దానికి గంట లేదు. అదీగాక డెమో రికార్డింగులు ఆల్బమ్ కన్నా వేరే సౌండ్‌లో ఉంటాయి. మధ్యలో ఇరికిస్తే వాల్యూమ్ మీట మీదికే చెయ్యి పోతుంది. వరుస మార్చి పరీక్షించాలనుకునేవాళ్లకి నేను చెప్పేది ఒకటే పద్ధతి: ప్లేలిస్ట్ కాపీ చేసుకోండి, ఒకేసారి ఒక్క పాటే జరపండి, దానికి ముందు రెండు, తర్వాత రెండు పాటలు కలిపి వినండి. రెండు పాటలు ఒకేసారి జరిపితే బాగుపడిందో చెడిందో దేనివల్లో తెలియదు.

సిటీ హాల్ స్టాప్‌లో దిగితే ట్రిప్పెట్ లేన్ దగ్గరే. అక్కడి గ్రేప్స్ పబ్ మేడ మీద 2003 జూన్ 13న ఈ బృందం మొదటి కచేరీ చేసింది. ఇటుక గోడల ఇరుకు వీధి. 'డాన్స్‌ఫ్లోర్' మొదట ఉండాలన్న వాదన ఇక్కడ తేల్చుకోవచ్చు. వీధి మొదట్లో నిలబడి మొదటి పాట 'ద వ్యూ ఫ్రమ్ ది ఆఫ్టర్‌నూన్' పెట్టుకోండి. నిడివి 3:38. రాత్రి మీద మరీ ఆశలు పెట్టుకుంటే నిరాశే మిగులుతుందని పాడే పాట. ఆ మాట చెవిలో పడ్డాక రెండో పాట మొదలైతే, తలుపు తోసుకుని లోపలికి వెళ్లినట్టు ఉంటుంది. 'డాన్స్‌ఫ్లోర్' ముందు పెడితే నేరుగా లోపలే తేలతాం, ఇంటి నుంచి బయల్దేరిందే ఉండదు. రైల్లో ఈ మార్పుకి ఓటేసిన ఇద్దరిలో ఒకరు ఇక్కడ మనసు మార్చుకున్నారు.

మూడో పాట 'ఫేక్ టేల్స్ ఆఫ్ శాన్‌ఫ్రాన్సిస్కో' కోసం ఎకిల్‌సాల్ రోడ్డు బస్సెక్కి హంటర్స్ బార్‌కి వెళ్లాలి. అమెరికా కబుర్లు చెప్పే కుర్రాడు నిజానికి ఇక్కడివాడని పాటలో ఎత్తిపొడుపు. పేరు చూసి బార్ కోసం వెతక్కండి, ఇది పాతకాలపు టోల్‌గేటు. 1884లో సుంకం ఎత్తేశారు, రాతి స్తంభాలు మాత్రం రౌండ్‌అబౌట్ మధ్యలో ఇప్పటికీ ఉన్నాయి. పక్కనే ఎండ్‌క్లిఫ్ పార్కు. మేం అక్కడ బెంచీ మీద కూర్చుని నాలుగు నుంచి ఎనిమిది దాకా విన్నాం.

నాలుగు, అయిదు మీద చెప్పడానికి పెద్దగా లేదు. 2:21, 2:10 నిడివి గల పొట్టి పాటలు, రెండూ కలిపి ఒకే ఊపు. అసలు పనితనం ఏడు, ఎనిమిది, తొమ్మిదిలో ఉంది. ఏడో పాట 'రయట్ వ్యాన్' ఆల్బమ్‌లో 16:52 దగ్గర మొదలై 19:06కి అయిపోతుంది, అంటే ఆల్బమ్ సగానికి కాస్త ముందు. ఆరు పాటల హోరు తర్వాత వచ్చే మొదటి నెమ్మది ఇదే. పోలీసులని ఆటపట్టించిన కుర్రాళ్లు చివరికి వ్యాను ఎక్కుతారు. వెంటనే ఎనిమిదో పాట 'రెడ్ లైట్ ఇండికేట్స్ డోర్స్ ఆర్ సెక్యూర్డ్', టాక్సీలో ఆరుగురు పడతారా అన్న బేరంతో మొదలు. ఒక బండి తలుపు మూసుకోగానే ఇంకో బండి తలుపు. పేరులోనే తలుపులు బిగిశాయని చెప్పే ఎర్ర దీపం ఉంది. ఆ తర్వాత 'మార్డీ బమ్'. మార్డీ అంటే ఆ ప్రాంతం యాసలో చీటికీ మాటికీ అలిగే మనిషి. మన అలక అన్న మాట దీనికి అతికినట్టు సరిపోతుంది. ఆలస్యంగా ఇల్లు చేరినవాడికి ఎదురయ్యేది అదే కదా. బ్రిటన్‌లో సింగిల్‌గా రాకపోయినా ఈ పాట అంటే ప్రాణం పెట్టేవాళ్లు బోలెడు మంది. అందుకే దాన్ని ముందుకు తెమ్మని అడుగుతారు. నాకూ ఆల్బమ్‌లో ఎక్కువ ఇష్టం అదే, అయినా తొమ్మిది నుంచి కదపను. మూడో నంబరులో పెడితే ఉత్త తియ్యటి పాట, ఇక్కడైతే రాత్రికి కట్టిన మూల్యం.

సాయంత్రం షేల్స్‌మూర్ స్టాప్‌లో దిగి, డాన్ నది దాటి నీప్‌సెండ్‌కి నడిచాం. ఇక్కడే చాలామంది పొరపాటు చేస్తారు. పదకొండో పాట 'వెన్ ద సన్ గోస్ డౌన్' ఈ వీధుల మీద రాసిందే, ఒకప్పుడు రాత్రిపూట ఇక్కడ వ్యభిచారం నడిచేది. డెమోలో పాట పేరు 'స్కమ్మీ'. దాన్ని పొద్దుగుంకే వేళ వినాలంటే కాలం చూసుకుని రావాలి. జూన్‌లో సూర్యుడు రాత్రి తొమ్మిదిన్నర దాకా దిగడు, డిసెంబరులో నాలుగు కాకముందే చీకటి. జూన్‌లో ఆరింటికి వచ్చి ఎండలో వింటే ఆ పాట పట్టు దొరకదు. ఇప్పుడు పాత ఫ్యాక్టరీలు ఫ్లాట్లు, బీరు కార్ఖానాలు, హోటళ్లు అయ్యాయి. అయినా వీధిదీపాలు వెలిగే వేళకి ఇటుక గోడల పక్కన అడుగుల చప్పుడు వేరేగా వినిపిస్తుంది.

పదో పాట తీసేయాలన్నది అభిమానుల్లో పాత పట్టుదల. 'పర్‌హాప్స్ వాంపైర్స్' 4:28 ఉంటుంది, చివరిదాన్ని పక్కనపెడితే అన్నిటికన్నా పొడుగు. నిజం చెప్పాలంటే రాతలో బలహీనమైనది కూడా అదే. మేం నది వంతెన మీద నిలబడి తొమ్మిది నుంచి నేరుగా పదకొండుకి వెళ్లాం. గొడవ వెంటనే తెలిసింది. 'మార్డీ బమ్' ఒంటరి గిటార్‌తో మొదలవుతుంది. 'సన్ గోస్ డౌన్' కూడా అంతే, ఒక గిటార్, ఒక గొంతు, బృందమంతా విరుచుకుపడేదాకా నెమ్మదిగానే నడుస్తుంది. మధ్యలో గోడ లేకపోతే రెండో నెమ్మది మొదటిదాని కొనసాగింపులా వినబడి, ఆ పేలుడు సగమైపోతుంది. 'వాంపైర్స్' ఆ గోడ. పాటగా నాకు నచ్చదు, ఆ చోట మాత్రం ఉండాలి. దాన్ని ఆరో నంబరుకి మార్చి చూద్దామన్నారు ఒకరు. చూశాం. 'రయట్ వ్యాన్' దాకా హోరు ఇంకా పొడుగై చెవి అలిసిపోయింది.

మర్నాడు చాపెల్‌టౌన్‌కి వెళ్లాం. షెఫీల్డ్ నుంచి బార్న్‌స్లీ వైపు వెళ్లే రైల్లో మెడోహాల్ తర్వాతి స్టేషన్. అన్ని రైళ్లూ అక్కడ ఆగవు, ఎక్కేముందు బోర్డు మీద పేరు చూసుకోవాలి. అక్కడి నుంచి ఎత్తు ఎక్కితే బృందం కుర్రాళ్లు పెరిగిన హై గ్రీన్. చూడదగ్గవి అని పేరుపెట్టి చెప్పేవి లేవు. బస్ స్టాపులు, చేపల వేపుడు కొట్లు, ఒకదాన్నొకటి ఆనుకున్న ఇళ్లు. ఇళ్ల ముందు ఫోన్లతో ఫొటోలు తియ్యకండి, అందులో మనుషులు కాపురముంటున్నారు.

పన్నెండో పాట బౌన్సర్లు లోపలికి రానివ్వని నిన్నటి రాత్రి గురించి. పదమూడోది 'ఎ సర్టెన్ రొమాన్స్', 5:31. ఇది చివర ఉండాలన్న విషయంలో మా నలుగురికీ ఒకటే మాట. ఊళ్లో కుర్రాళ్ల మీద విసుగంతా వెళ్లగక్కి, వాళ్లు స్నేహితులే కాబట్టి కోపం నిలవదని ఒప్పుకునే పాట. మాటలు అయిపోయాక గాయకుడు మళ్లీ రాడు, గిటార్లే మిగులుతాయి. చాపెల్‌టౌన్ ప్లాట్‌ఫారం మీద ఆ గిటార్లు వింటుంటే తిరుగు రైలు వచ్చింది. మేం ఎక్కలేదు, పాట అయ్యేదాకా ఆగి తర్వాతిది పట్టుకున్నాం.