చప్పట్లకు లేచారు, పెన్ను తేలేదు

ఆదివారం, రాత్రి పది. తిరుపతి.

పొద్దున బస్టాండు దగ్గర లాడ్జి హాల్లో కొత్తవాళ్ళ ట్రైనింగు. పుత్తూరు, చంద్రగిరి, పీలేరు నుంచి వచ్చినవాళ్ళే ఎక్కువ. పాట పెట్టగానే అందరూ లేచి చప్పట్లు కొట్టారు. తెలిసినవాళ్ళ పేర్ల లిస్టు రాయండి అనగానే సగం మంది పెన్ను తేలేదన్నారు. నెట్‌వర్క్ మార్కెటింగ్‌లో, అంటే సరుకు అమ్ముతూ తన కింద మరికొందరు అమ్మేవాళ్ళను చేర్చుకునే పనిలో, మొదటి నెల ఇక్కడే తప్పుతుంది. ట్రైనింగులో హుషారును ఇంటికి తీసుకుపోతారు, పనిని హాల్లోనే వదిలేస్తారు.

లిస్టు చిన్న విషయం కాదు. వంద పేర్లు రాయమనేది ఊరికే కాదు. పది పేర్లే ఉన్నవాడికి ఆ పదిలో ఒకరు కాదంటేనే కాళ్ళు వణుకుతాయి. ఇక వెంటపడటం మొదలవుతుంది, బావమరిది ఫోన్ ఎత్తడం మానేస్తాడు. నోట్‌బుక్‌లో నాలుగు గళ్ళు చాలు: పేరు, ఫోన్, ఎట్లా తెలుసు, ఏం కావాలి. నాలుగో గడి ముఖ్యం. సరుకు కావాల్సినవాళ్ళు వేరు, పని కావాల్సినవాళ్ళు వేరు. ఇద్దరికీ ఒకే మాట చెబితే ఇద్దరూ పోతారు.

మధ్యాహ్నం ఫోన్ల అభ్యాసం. రెండు నిమిషాలు దాటకూడదన్నది నియమం. ఒక కుర్రాడు ప్లాను, అంటే కమిషన్ ఎట్లా వస్తుందన్న లెక్క, మొత్తం ఫోన్లోనే విప్పేశాడు. అవతల మనిషి "ఎంత కట్టాల?" అన్నాడు, అంతటితో అయిపోయింది. ఫోన్‌ది ఒక్కటే పని, కలిసే టైము ఖాయం చేసుకోవడం. "అన్నా, ఫలానా కంపెనీ సరుకులు అమ్మే పని మొదలుపెట్టినా. మీకు చూపించాల. బుధవారం సాయంత్రమా, గురువారమా?" అంతే.

కంపెనీ పేరు దాచి "ఊరికే కాఫీకి రాన్నా" అని పిలవడం మాత్రం ఎవరు నేర్పినా వినకూడదు. 2021 డిసెంబర్ 28న వచ్చిన డైరెక్ట్ సెల్లింగ్ (అంగడి లేకుండా నేరుగా అమ్మడం) నియమాల ప్రకారం అమ్మేవాడు మొదట్లోనే తానెవరో, ఏ కంపెనీయో, ఎందుకు వచ్చాడో చెప్పాలి. గుర్తింపు కార్డు దగ్గర ఉండాలి, ముందుగా చెప్పకుండా ఇంటికి పోకూడదు. చేరేందుకు కంపెనీ రుసుము అడగకూడదు. "ఎంత కట్టాల?" అన్నవాడికి జవాబు అదే. ఎవరైనా అడుగుతున్నారంటే, లేదా జనాన్ని చేర్చినందుకే డబ్బు ఇస్తామంటున్నారంటే, అక్కడ ట్రైనింగు మాట అటుంచి చెప్పులు వేసుకుని బయటికి రావాలి. 1978 నాటి మనీ సర్క్యులేషన్ నిషేధ చట్టం ఉన్నది అలాంటివాళ్ళ కోసమే.

టైము సంగతి ఈ ఊరిని బట్టి. గాంధీ రోడ్డు అంగళ్ళవాళ్ళను సాయంత్రం బేరం మీద ఉండగా కదిలించకూడదు, మధ్యాహ్నం తీరిక. శనివారం పొద్దున గుడికి పోయే ఇంటికి ఫోన్ చేస్తే విసుక్కుంటారు. చిత్తూరు వైపు తోతాపురి కాయ దిగే రోజుల్లో తోట ఉన్న మనిషికి ప్లాను చూపిస్తానంటే నవ్విపోతాడు.

ప్లాను చూపించేటప్పుడు అప్‌లైన్, అంటే చేర్చుకున్న పైవాడు, మాట్లాడాలి, కొత్తవాడు పక్కన నోరు మూసుకుని కూచోవాలి. ఇది చాలామందికి నచ్చదు. కానీ బైనరీ లెక్క సగం తెలిసి చెబితే కొంప మునుగుతుంది. బైనరీలో తన కింద చేరినవాళ్ళు లెఫ్ట్, రైట్ అని రెండు వరసలు. రెండు వైపులా బిజినెస్, అంటే అమ్మకం, జత కలిస్తేనే కమిషన్. లెక్క తక్కువ వైపు నుంచే కడతారు. చుట్టాలందరినీ ఒకే వైపు పేర్చి "లక్ష బిజినెస్ అయినా రూపాయి రాలేదేంది" అని అడిగేవాళ్ళు ప్రతి బ్యాచ్‌లోనూ ఉంటారు.

సరుకు తానే నెలరోజులు వాడమనడం మరో విసుగు పాఠం. నేల తుడిచే చిక్కటి ద్రావణం బకెట్టుకు ఎంత పోయాలో లేబుల్ మీద ఉంటుంది. తాను వాడనివాడు ఆ మాట చెప్పడు. కొన్నామె నేరుగా గుమ్మరిస్తుంది, సీసా పదిరోజులకే అయిపోతుంది, "రేటెక్కువ" అని వీధంతా చెబుతుంది. ఇక పౌడర్ డబ్బా పట్టుకుని "షుగర్ తగ్గిపోతుంది పెద్దమ్మా" అనడం పొరపాటుగా కూడా వద్దు. మధుమేహం నయమవుతుందని ప్రచారం చేయడాన్ని 1954 నాటి చట్టమే నిషేధించింది. పెద్దమ్మ మాత్రలు మానేస్తే ఎవరు దిక్కు?

సాయంత్రం జమాఖర్చు పాఠం. అప్పటికి హాల్లో పదిమందే మిగిలారు. ఉదాహరణకు, వెయ్యి రూపాయల సరుకు ఎనిమిది వందలకు వస్తే మిగిలేది రెండు వందలు. నెలకు ఇరవై అమ్మితే నాలుగు వేలు. పెట్రోలుకు పన్నెండు వందలు, ట్రైనింగు టికెట్లు, టిఫిన్లు ఎనిమిది వందలు తీసేస్తే చేతికి రెండు వేలు. ఇది రాసుకోనివాడు నాలుగు వేలు వచ్చాయనే అనుకుంటాడు. నెలాఖరున అమ్మకాన్ని బట్టి కంపెనీ ఇచ్చే ర్యాంకు కోసం అప్పు తెచ్చి ముప్పై వేల సరుకు మంచం కింద పెడతాడు. దాని మీది గడువు తేదీ ర్యాంకు కోసం ఆగదు. ఒప్పందం కాగితంలో సరుకు వాపసుకు ఎన్ని రోజులిచ్చారో చేరిన రోజే క్యాలెండర్లో గుర్తు పెట్టుకోమన్నది అందుకే. ఆ పేజీ చదివినవాళ్ళు ఇవాళ ముగ్గురు.

రేపు ఫోన్లు. లిస్టు నలభై దాటినవాళ్ళ చేత పదేసి చేయించాలి. మిగతావాళ్ళు ముందు పెన్ను తేవాలి.