బ్రిస్టల్ బస్టాండులో ఒక ఫలకం

మా నాన్న ఆర్టీసీలో ముప్పయ్యేళ్లు కండక్టరుగా పనిచేశారు. అందుకే బ్రిస్టల్ వెళ్లినప్పుడు నేను మొదట చూడాలనుకున్నది బస్టాండును. అందరూ చెప్పే క్లిఫ్టన్ వేలాడే వంతెనను మర్నాటికి వాయిదా వేశాను.

లండన్ పాడింగ్టన్ నుంచి రైలులో గంటా నలభై నిమిషాలు. దిగి, దారి అడుగుతూ మార్ల్‌బరో వీధి బస్టాండుకు నడిచాను. 1963 నాటి బస్సుల బహిష్కరణకు గుర్తుగా 2014లో అక్కడ ఒక ఫలకం పెట్టారు. నేను చదువుతున్నంతసేపూ జనం పెట్టెలు లాక్కుంటూ పక్కనుంచి వెళ్తూనే ఉన్నారు.

1948 జాతీయతా చట్టం బ్రిటన్‌కూ దాని వలసలకూ కలిపి ఒకే పౌరసత్వం ఇచ్చింది. జమైకా నుంచి ఓడలెక్కి వచ్చినవారు పౌరులుగానే వచ్చారు. బ్రిస్టల్ బస్సు కంపెనీ మాత్రం నల్లవారికి, ఆసియావారికి వర్క్‌షాపులో, క్యాంటీన్‌లో పని ఇచ్చేది కానీ డ్రైవర్, కండక్టర్ ఉద్యోగాలు ఇచ్చేది కాదు. కార్మిక సంఘం స్థానిక శాఖే 1955లో అలా తీర్మానించింది. జీతాలు తక్కువ, కొత్తవారు వస్తే ఓవర్‌టైం పోతుందని భయం. ఓవర్‌టైం డబ్బుతో చదువుకున్నవాణ్ణి కాబట్టి ఆ భయం నాకు తెలుసు. దానికి మనిషి రంగును అడ్డుపెట్టుకోవడాన్ని మాత్రం క్షమించలేను.

పాల్ స్టీఫెన్‌సన్ అనే నల్లజాతి యువజన కార్యకర్త ఖాళీలు ఉన్నాయని ముందే కనుక్కుని గై బెయిలీ అనే యువకుడికి ఇంటర్వ్యూ కుదిర్చాడు. బెయిలీ వెస్టిండీస్ వాడని తెలియగానే అది రద్దయింది. రాయ్ హాకెట్, ఓవెన్ హెన్రీ వంటి కరీబియన్ కార్యకర్తలు బస్సుల బహిష్కరణకు పిలుపునిచ్చారు. దాదాపు నాలుగు నెలల పోరాటం తర్వాత ఆగస్టు 28న కంపెనీ దిగివచ్చింది. అదే రోజు వాషింగ్టన్‌లో మార్టిన్ లూథర్ కింగ్ తన కల గురించి చెప్పాడు.

సెప్టెంబరు 17న బ్రిస్టల్‌లో తొలి శ్వేతేతర కండక్టరుగా చేరింది ఒక సిక్కు, రఘ్‌బీర్ సింగ్. ముందు నిలిచి మాటలు పడ్డది కరీబియన్లు. తలుపు తెరుచుకున్నాక మొదట లోపలికి అడుగుపెట్టింది మనవాడు. ఈ రుణాన్ని మనం తలుచుకోవడం తక్కువ. విదేశాల్లో స్థిరపడ్డ మన ఇళ్లలో నల్లవారి గురించి విన్న మాటలు గుర్తొచ్చి నాకు సిగ్గేసింది.

ఉద్యోగాల్లో జాతివివక్షను నిషేధించే చట్టం 1968లో గానీ రాలేదు. ఆ బిల్లు మీదనే ఇనోక్ పవెల్ అనే ఎంపీ విషం కక్కాడు. సహనం తమ జాతి స్వభావమని బ్రిటన్ నాయకులు చెప్పినప్పుడల్లా నాకిక ఈ బస్టాండే గుర్తొస్తుంది. ఆ సహనాన్ని బస్సెక్కకుండా నడిచినవాళ్లు సాధించారు. అదీ పూర్తిగా చేతికి రాలేదు: చిన్నప్పుడే వచ్చి అక్కడే ముసలివారైన కరీబియన్లను ప్రభుత్వం కాగితాలు చూపమని వేధించిన సంగతి 2018లో బయటపడింది.

సాయంత్రం నాన్నకు ఫోను చేసి ఇదంతా చెప్పాను. ఆయన కొత్తగా ఉద్యోగంలో చేరినప్పుడు కొన్ని ఊళ్లలో టిక్కెట్టు డబ్బులు చేతికి తగలకుండా పైనుంచి జారవిడిచేవారు. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత అడిగారు:

"ఆ సింగుగారికి డబ్బులు చేతిలో పెట్టారటనా?"