‘ఒక్కోసారి’ అని రాసిన బగ్

మా సాఫ్ట్‌వేర్ టీమ్‌లో 2317 నంబరు బగ్ (ప్రోగ్రామ్‌లో తప్పు) ఒకటి ఉండేది. “పేమెంట్ పేజీలో ఒక్కోసారి రెండు ఇన్వాయిస్‌లు వస్తున్నాయి. నెట్ నెమ్మదిగా ఉన్నప్పుడు అనుకుంటా.” మా టెస్టర్ రాసింది అంతే. ఒక స్క్రీన్‌షాట్ జతచేసింది. దాని కింద డెవలపర్ కామెంట్: “నా మెషిన్‌లో రావడం లేదు.” ఆ కింద నాది: “ప్రస్తుతానికి క్లోజ్ చేద్దాం, మళ్లీ వస్తే చూద్దాం.”

అవును, మూసింది నేనే. అప్పటికి మేనేజర్ అయి ఆరు నెలలు. రిలీజ్ నాటికి ఓపెన్ బగ్‌లు పదికి మించకూడదన్నది మా రూలు. 2317 పదకొండోది.

నాలుగు నెలల తర్వాత, నెలాఖరు రోజున అది మళ్లీ వచ్చింది. ఆ రోజు సర్వర్ మీద లోడ్ ఎక్కువ. కస్టమర్ బటన్ నొక్కాడు, రిక్వెస్ట్ వెళ్లింది, ఇన్వాయిస్ తయారైంది. కానీ ఆ సంగతి బ్రౌజర్‌కి చేరేలోపే టైమవుట్, అంటే జవాబు కోసం ఆగే గడువు అయిపోయింది. మా కోడ్ ఎంతో బుద్ధిగా మళ్లీ ప్రయత్నించింది. ఇందాకటి రిక్వెస్టే ఇదని సర్వర్‌కి తెలిసే దారి లేదు, ఇంకో ఇన్వాయిస్ చేసింది. కొందరికి మూడేసి వెళ్లాయి.

దీనికి మందు అందరికీ తెలిసిందే. ప్రతి రిక్వెస్ట్‌తో పాటు ఒక ప్రత్యేకమైన కీ (గుర్తింపు నంబరు లాంటిది) పంపాలి, మళ్లీ ప్రయత్నించినా అదే కీ వెళ్లాలి. ఆ కీని సర్వర్ ముందే చూసి ఉంటే కొత్తది చేయకుండా పాత ఇన్వాయిస్‌నే తిరిగి ఇవ్వాలి. డేటాబేస్‌లో ఆ కీ ఉండే కాలమ్‌కి యూనిక్ కన్‌స్ట్రెయింట్ (ఒకే విలువ రెండుసార్లు రాకూడదన్న నియమం) పెట్టాలి, లేకపోతే రెండు రిక్వెస్ట్‌లు ఒకేసారి వచ్చినప్పుడు మళ్లీ మొదటికొస్తుంది. ఇదంతా రాయడానికి ఒకటిన్నర రోజు పట్టింది. తప్పు ఇన్వాయిస్‌లు వెతికి రద్దు చేయడానికి అకౌంట్స్ వాళ్లకి మూడు వారాలు పట్టింది.

తర్వాత మీటింగ్. “టెస్టింగ్‌లో ఎందుకు దొరకలేదు?” అని పైనుంచి ప్రశ్న. మా టెస్టర్ ఏమీ మాట్లాడకుండా 2317 తెరిచి స్క్రీన్ షేర్ చేసింది. నా కామెంట్ అందరికీ కనిపిస్తోంది. ఆ నిశ్శబ్దం ఎంతసేపు ఉందో చెప్పలేను.

ఆ రోజుల్లోనే నైట్ క్యాపిటల్ కథ మళ్లీ చదివాను. 2012 ఆగస్టు 1న ఈ అమెరికా ట్రేడింగ్ కంపెనీ 45 నిమిషాల్లో 46 కోట్ల డాలర్లకు పైగా పోగొట్టుకుంది. కొత్త కోడ్‌ని ఎనిమిది సర్వర్లలో ఏడింటికే ఎక్కించారు. ఎనిమిదోదానిలో ఏళ్ల కిందట వాడటం మానేసిన పాత కోడ్ అలాగే ఉంది. పాత కోడ్‌ని నడిపించే ఫ్లాగ్‌నే (ఆన్ చేసే స్విచ్ లాంటిది) కొత్త కోడ్‌కీ వాడుకున్నారు కాబట్టి, ఆ ఒక్క సర్వర్‌లో పాతది నిద్ర లేచింది. కంగారులో మిగతా ఏడింటి నుంచీ కొత్త కోడ్ తీసేశారు, దాంతో గొడవ ఎనిమిదింటికీ పాకింది. ఈ కథ ఎవరు చెప్పినా డిప్లాయ్‌మెంట్ (సర్వర్లకు కోడ్ ఎక్కించడం) తప్పు దగ్గర ఆగుతారు. నాకు గుచ్చుకున్నది వేరే సంగతి. మార్కెట్ తెరవకముందే వాళ్ల సిస్టమ్ ఉద్యోగులకు ఈ తప్పు గురించే 97 ఈమెయిళ్లు పంపింది. అలాంటి మెయిళ్లను చూసే అలవాటు అక్కడ ఎవరికీ లేదు. మాకు వచ్చింది ఒక్కటే హెచ్చరిక, ఆ 2317. దాన్ని చదివి మరీ మూసేశాను.

ముందుగా ఆ పది బగ్‌ల రూలు తీసేశాం. చెప్పినంత తేలిగ్గా జరగలేదు, ఎందుకంటే పైవాళ్లకి చూపించే గ్రాఫ్ దాని మీదే ఉండేది. పైగా మా దగ్గర టెస్టర్‌కి ఎన్ని బగ్‌లు పట్టుకుంటే అంత పేరు, డెవలపర్‌కి ఎన్ని తక్కువ వస్తే అంత పేరు. పక్కపక్క సీట్లలో కూర్చునే ఇద్దరు “ఇది బగ్ కాదు, రిక్వైర్‌మెంట్‌లో లేదు” అని జిరాలో (బగ్‌లు నమోదు చేసే సాఫ్ట్‌వేర్) పేజీలకు పేజీలు వాదించుకునేవారు. అది వాళ్ల తప్పు కాదు, మేం పెట్టిన పోటీ అది. రెండు లెక్కలూ ఎత్తేశాక సగం వాదనలు వాటంతట అవే చల్లారాయి.

రెండోది, “రావడం లేదు” అని ఎవరూ ఒంటరిగా మూయకూడదు. డెవలపర్, టెస్టర్ కలిసి టెస్టర్ మెషిన్ ముందు అరగంట కూర్చోవాలి. ఈ రూలు పెట్టిన రోజే సరదాకి 2317ని పాత వెర్షన్‌లో ప్రయత్నించాం. క్రోమ్ డెవలపర్ టూల్స్‌లో నెట్‌వర్క్ ట్యాబ్ తెరిచి, స్పీడ్‌ని బాగా తగ్గించి, బటన్ నొక్కాం. ఏం కాలేదు. మా టెస్టర్ “అలా కాదండీ, విసుగొచ్చినట్టు నొక్కాలి” అని టకటకా రెండుసార్లు నొక్కింది. రెండు ఇన్వాయిస్‌లు. మొత్తం రెండు నిమిషాలు కూడా పట్టలేదు.

ఆరు వారాలకోసారి చేసే రిలీజ్‌ని వారానికి మార్చడం మాత్రం నరకం. చేత్తో చేసే రిగ్రెషన్ టెస్టింగ్‌కే (కొత్త మార్పుతో పాతవేవీ చెడలేదని చూడటం) నాలుగు రోజులు పట్టేది, ఇక వారంలో మిగిలేది ఏముంది? ఆటోమేట్ చేయక తప్పలేదు. అప్పుడు ఇంకో జబ్బు పట్టుకుంది. కొన్ని టెస్టులు ఒక్కోసారి ఫెయిల్, ఒక్కోసారి పాస్. “రీరన్ కొట్టు, పాస్ అయిపోతుంది” అన్నది టీమ్‌లో ఊతపదం అయిపోయింది. నేనూ కొట్టాను. అలా రీరన్‌ల మీద నెట్టుకొచ్చిన ఒక టెస్టు రాత్రి పూట బిల్డ్‌లో (కోడ్ అంతా కూర్చి టెస్టులు నడిపేటప్పుడు) మాత్రమే ఫెయిలయ్యేదని ఎవరో గమనించారు. చూస్తే ఇన్వాయిస్ తేదీని ఒకచోట యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక సమయం), ఇంకోచోట లోకల్ టైమ్‌లో లెక్కేస్తున్నాం. రోజులో కొన్ని గంటల పాటు రెండు తేదీలూ కలవవు. టెస్టు అబద్ధం చెప్పలేదు పాపం, మేమే నమ్మలేదు.

కోడ్ కవరేజ్ (టెస్టులు నడిచినప్పుడు కోడ్‌లో ఎంత భాగం నడుస్తుందన్న లెక్క) 80 శాతం ఉండాలన్న ఆదేశం కూడా వచ్చింది మధ్యలో. నెలలో 82కి చేరాం. అందులో కొన్ని టెస్టులు ఫంక్షన్‌ని పిలిచి ఊరుకుంటాయి, ఫలితం సరైనదో కాదో చూసే అసర్ట్ ఒక్కటీ లేదు. అంతకంటే దాని గురించి రాయను.

సేల్స్ వాళ్లు మమ్మల్ని అడక్కుండా కస్టమర్‌కి డేట్ చెప్పేయడం ఇప్పటికీ ఆగలేదు. దాని టెన్షన్ దానికి ఉంది.

నిన్న సాయంత్రం మా టెస్టర్ కొత్త బగ్ పెట్టింది, లో ప్రయారిటీ: “రిపోర్ట్ డౌన్‌లోడ్ చేస్తే చివరి లైన్ ఒక్కోసారి రావడం లేదు.” అప్పటికే ఒక డెవలపర్ “నాకు వస్తోందే” అని రాశాడు. రేపు పదింటికి ముగ్గురం ఆవిడ మెషిన్ ముందు కూర్చుంటున్నాం.