సెయింట్ థామస్: రేవు కోసం కొన్న దీవి

కరేబియన్ సముద్రంలో అమెరికాకు చెందిన వర్జిన్ దీవుల్లో ఒకటి సెయింట్ థామస్. దాని బీచ్‌ల గురించి అమెరికాలో ఉన్న మనవాళ్లు ఇప్పటికే బోలెడు రాశారు, అవి వదిలేస్తున్నాను. ఎయిర్‌పోర్టు టాక్సీవాడు మనిషికింత, బ్యాగుకింత అని లెక్కగట్టి తీసుకునేసరికి ఒళ్లు మండి, మర్నాటి నుంచి ఊళ్లోవాళ్లు ఎక్కే సఫారీలే ఎక్కాను. ట్రక్కు వెనక బెంచీలు బిగించి పైన కప్పు వేసిన బండి, ఒకటో రెండో డాలర్లిస్తే చాలు, అచ్చం మన షేర్ ఆటో.

దీవి తూర్పు చివరనున్న రెడ్ హుక్ నుంచి రాజధాని షార్లెట్ అమాలీకి వస్తుంటే పక్కన డెబ్బై దాటిన ఒకావిడ కూర్చుంది. బండి కొండ దిగుతుంటే రేవు కనిపించింది, చుట్టూ కొండలు, లోతు నీళ్లు, క్రూయిజ్ షిప్పులు. ఎంత బాగుందో అన్నాను. "దీన్ని చూసే మమ్మల్ని కొన్నారు" అందావిడ.

నిజమే. ఈ దీవులు అప్పట్లో డెన్మార్క్ వలసలు. అమెరికాకు అమ్మేలా 1867లో బేరం కుదిరితే అమెరికా సెనేట్ ఆమోదించలేదు, 1902లో 50 లక్షల డాలర్లకు కుదిరితే డెన్మార్క్ ఎగువసభలో ఓట్లు సరిసమానమై ఆగిపోయింది. తర్వాత పనామా కాలువ తెరిచారు, మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది, జర్మనీ డెన్మార్క్‌ను మింగేస్తే ఈ రేవులో జర్మన్ నౌకలు దిగుతాయని వాషింగ్టన్‌కు టెన్షన్ పట్టుకుంది. 1915లో విదేశాంగ మంత్రి లాన్సింగ్ డెన్మార్క్ రాయబారితో, పరిస్థితి అంతదాకా వస్తే మేమే ఆక్రమించుకోవాల్సి రావచ్చని చెప్పేశాడు. చివరికి 2.5 కోట్ల డాలర్ల బంగారం ఇచ్చి 1917 మార్చి 31న జెండా మార్చారు. ఆ ఒప్పందంతో పాటే, గ్రీన్‌లాండ్ మొత్తం మీద డెన్మార్క్ అధికారం విస్తరించుకున్నా మాకు అభ్యంతరం లేదని అమెరికా రాసిచ్చింది. ఇప్పుడు అదే అమెరికా రష్యా, చైనాల పేరు చెప్పి గ్రీన్‌లాండ్ కావాలంటుంటే నాకు కోపం రాకుండా ఎలా ఉంటుంది?

ఆవిడ నాయనమ్మ అప్పటికి చిన్నపిల్లట, జెండా దిగుతుంటే పెద్దవాళ్లు ఏడవడం చూసిందట. అమ్మాలా వద్దా అని డెన్మార్క్‌లో 1916 డిసెంబరులో జనం ఓటేశారు, దీవుల్లో ఉన్నవాళ్లకు మాత్రం ఆ ఓటు లేదు. కొన్న పదేళ్లకు, 1927లో గానీ ఇక్కడ చాలామందికి పౌరసత్వం రాలేదు. తమ గవర్నర్‌ను తామే మొదటిసారి ఎన్నుకున్నది 1970లో. ఈనాటికీ అధ్యక్ష ఎన్నికల్లో వీళ్లకు ఓటు లేదు. "మా తమ్ముడు సైన్యంలో పనిచేశాడు, సైన్యానికి పైఅధికారి అయిన అధ్యక్షుణ్ణి ఎన్నుకునే హక్కు మాత్రం లేదు" అని ఆవిడ మామూలుగానే చెప్పింది గానీ నాకు మాత్రం ఆ పూట ఊళ్లోని పాత కోట చూడాలన్న ఉత్సాహం కూడా పోయింది.

వెళ్లేవాళ్లకు ఒక మాట. అమెరికా లోపలి ప్రయాణమే కదా అని పాస్‌పోర్టు ఇంట్లో పెట్టి వెళ్లకండి. కొని వందేళ్లు దాటినా ఈ దీవులు అమెరికా కస్టమ్స్ పరిధికి బయటే ఉన్నాయి, తిరిగొచ్చేటప్పుడు అక్కడి ఎయిర్‌పోర్టులోనే తనిఖీ ఉంటుంది. వీసా మీద ఉన్నవాళ్లు కాగితాలన్నీ చేతిలో పెట్టుకుని కాస్త ముందే చేరండి, లైను పెద్దది.